కోబాల్ట్ కలిపిన జింక్ ఆక్సైడ్ నిజంగా అయస్కాంతమేనా? పొడి తయారీ నుంచి వీఎస్ఎం లూప్ దాకా ఎలా చేయాలి

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ పిల్లల నుంచి ఒకటే ప్రశ్న: "మా శాంపిల్‌కి లూప్ వచ్చింది, రూమ్ టెంపరేచర్‌లో ఫెర్రోమాగ్నెటిజం ఉందని రాసేయొచ్చా?" ఇప్పుడే రాయకండి. (లూప్ అంటే ఫీల్డుని పెంచి తగ్గించినప్పుడు శాంపిల్ అయస్కాంతత్వం గీసే గీత, దాన్ని కొలిచే మెషీను వీఎస్ఎం, అంటే వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్. ఫీల్డు తీసేసినా అయస్కాంతంగా మిగిలేది ఫెర్రోమాగ్నెట్.) ఆ లూప్ మీ కోబాల్ట్‌దో, మీరు పొడి తీసిన స్టీల్ స్పాచులాదో ముందు తేలాలి. అది తేల్చుకోవాలంటే పని మొదటి రోజు నుంచే జాగ్రత్త పడాలి, లూప్ చేతికొచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. అందుకే తయారీ దగ్గర నుంచి మొదలుపెట్టి రాస్తున్నా.

థియరీ రెండు ముక్కల్లో. 2000లో డీటల్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం, 5 శాతం మాంగనీసు ఉండి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) బాగా ఎక్కువగా ఉన్న పి-టైప్ జింక్ ఆక్సైడ్ గది ఉష్ణోగ్రత దాటినా ఫెర్రోమాగ్నెట్‌గా ఉండొచ్చని లెక్కగట్టింది. 2001లో జపాన్‌లో కోబాల్ట్ కలిపిన టైటానియం డయాక్సైడ్ పొరల్లో అలాంటిదే చూశామన్నారు, ఇక అక్కడి నుంచి పేపర్లే పేపర్లు. 2003లో మాంగనీసు కలిపిన జింక్ ఆక్సైడ్‌లో ఉందని ఒక పేపర్, మరుసటి ఏడాదే అది మాంగనీసు-జింక్ కలిసిన వేరే ఆక్సైడ్ ఫేజ్ వల్ల వచ్చిందని ఇంకో పేపర్. 2005లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల మీద పనిచేసినవాళ్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టకారుతో పట్టుకుంటే చాలు అయస్కాంత సిగ్నల్ కనిపిస్తుందని చూపించారు. మీరు మన జింక్ ఆక్సైడ్‌ని మామూలుగా చేస్తే వచ్చేది ఎన్-టైపే (హోల్స్ కాదు, ఎలక్ట్రాన్లు ఎక్కువున్న రకం), కాబట్టి డీటల్ లెక్కని మీ రిజల్ట్‌కి సాక్ష్యంగా పెట్టకండి. థియరీ ఇంతటితో చాలు.

కావాల్సినవి

జింక్ అసిటేట్ డైహైడ్రేట్, కోబాల్ట్ అసిటేట్ టెట్రాహైడ్రేట్, ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్, అన్నీ ఏఆర్ గ్రేడ్ (లాబ్ విశ్లేషణకి వాడే శుద్ధమైన రకం). కొనేటప్పుడు సీసా లేబుల్ మీద మలినాల జాబితాలో ఇనుము ఎంతుందో చదవండి, ఎంత అవసరమో కింద లెక్కలో తెలుస్తుంది. డబుల్ డిస్టిల్డ్ లేదా డీఅయనైజ్డ్ నీళ్లు, బ్యాటరీలకి పోసే నీళ్లూ బోరు నీళ్లూ వద్దు. బోరోసిల్ బీకర్లు, గాజు కడ్డీ, పింగాణీ బుక్నర్ ఫనెల్, అగేట్ కల్వం, అల్యూమినా బోట్ లేదా వెడల్పాటి అల్యూమినా క్రూసిబుల్, ప్లాస్టిక్ స్పాచులాలు, ప్లాస్టిక్ పట్టకారు, మూత గట్టిగా పడే చిన్న ప్లాస్టిక్ సీసాలు. మఫుల్ ఫర్నేసు. గ్లౌజులు, మాస్కు. కోబాల్ట్ లవణాలు, ఆక్సాలిక్ ఆమ్లం రెండూ విషపూరితాలే. ఇంట్లో చేసే పని కాదిది, ఫ్యూమ్ హుడ్ ఉన్న లాబ్‌లోనే చేయండి, కోబాల్ట్ నీళ్లు సింకులో పారబోయకండి.

వద్దన్న జాబితా ఇంకా ముఖ్యం. స్టీల్ స్పాచులా, స్టీల్ పట్టకారు, బ్లేడు, పాతబడ్డ మాగ్నెటిక్ స్టిర్రర్ బీడ్, ఆటోనగర్‌లో లేత్ మీద చేయించిన స్టీల్ పెల్లెట్ డై, ఏవీ మీ పొడిని తాకకూడదు. స్టిర్రర్ బీడ్ సంగతి చాలామందికి తట్టదు. టెఫ్లాన్ తొడుగు అరిగితే లోపలి అయస్కాంతం బయటపడుతుంది, అరగకపోయినా అంతకుముందు వాడినవాళ్ల ఇనుప రేణువులు దాన్ని అంటుకునే ఉంటాయి. గాజు కడ్డీతో కలపండి, చేయి నొప్పెడితే పెట్టనీయండి.

తయారీ

1. ఎంత తూచాలో లెక్కేసుకోండి. 3 శాతం కోబాల్ట్‌తో, అంటే ప్రతి 100 లోహ పరమాణువుల్లో 97 జింక్, 3 కోబాల్ట్ ఉండేలా, 5 గ్రాముల పొడికి: జింక్ అసిటేట్ 13.11 గ్రాములు, కోబాల్ట్ అసిటేట్ 0.460 గ్రాములు, ఆక్సాలిక్ ఆమ్లం 10 శాతం ఎక్కువ వేసి 8.54 గ్రాములు. దీంతోపాటే, అదే రోజు, అవే సీసాల నుంచి కోబాల్ట్ లేని జింక్ ఆక్సైడ్ కూడా 5 గ్రాములు చేయండి, దానికి జింక్ అసిటేట్ 13.49 గ్రాములు పడుతుంది. ఈ రెండోది చేయకుండా మొదటిది చేస్తే మీ పని సగం వృథా. ఎవరో పేపర్‌లో వేసిన గ్రాఫ్ దీనికి బదులు కాదు, మీ నీళ్లు, మీ ఫర్నేసు, మీ కల్వం ఆ పేపర్‌లో లేవు కదా.

లవణాల సీసాల మూతలు ఎప్పుడూ బిగించి పెట్టండి. కోబాల్ట్ అసిటేట్ వానాకాలం గాలిలో తేమ లాగేస్తుంది, జింక్ అసిటేట్ వేడి పొడిగాలిలో ఉన్న నీటిని వదిలేస్తుంది, రెండు వైపులా తూకం తప్పుతుంది. చివర్లో ఐసీపీతోనో ఏఏఎస్‌తోనో (ఏ మూలకం ఎంతుందో కొలిచే పరికరాలు) కోబాల్ట్ శాతం సరిచూసుకోగలిగితే మంచిది, అదే కొలతలో ఇనుము కూడా అడగండి.

2. రెండు అసిటేట్లనీ కలిపి 200 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించండి. ఆక్సాలిక్ ఆమ్లాన్ని వేరే బీకర్‌లో గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, లవణాల ద్రావణాన్ని సన్నటి ధారగా ఇందులో పోస్తూ కలపండి. లేత గులాబీ ఛాయ ఉన్న తెల్లటి అవక్షేపం దిగుతుంది. తొందరపడి వడకట్టకండి, రాత్రంతా వదిలేయండి, కోబాల్ట్ ఆక్సలేట్ దిగడానికి టైమ్ పడుతుంది.

3. వడకట్టి, నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఇక్కడ రెండు చెకింగులు. వడకట్టిన నీళ్లని తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి, గులాబీ రంగు కనిపిస్తే కోబాల్ట్ నీళ్లలోనే ఉండిపోయింది, మీ పొడిలో 3 శాతం లేదన్నమాట. రెండోది, ఆరిన పొడి 11.6 గ్రాముల దగ్గర్లో ఉండాలి, బాగా తక్కువైతే అవక్షేపం పూర్తిగా దిగలేదు, ఎక్కువైతే తడి ఆరలేదు.

4. కాల్చడం. ఆక్సలేట్ 400 డిగ్రీల ప్రాంతంలో విరిగి జింక్ ఆక్సైడ్ అవుతుంది, ఆ క్రమంలో కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. లోతైన క్రూసిబుల్‌లో కుక్కి మూత పెట్టారంటే ఆ వాయువు లోపలే చిక్కుకుని కోబాల్ట్‌ని లోహంగా మార్చేయొచ్చు, లోహ కోబాల్ట్ అంటే అసలు సిసలు ఫెర్రోమాగ్నెట్. చాలా "అద్భుతమైన" లూపులు ఇలా పుట్టినవే అని నా అనుమానం. అందుకని పొడిని బోట్‌లో పల్చగా పరవండి, మూత వద్దు, ఫర్నేసు గాలి రంధ్రం తెరిచి ఉంచండి, గది కిటికీలు తీసి ఎగ్జాస్ట్ వేయండి. నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 450కి తీసుకెళ్లి 2 గంటలు ఉంచండి. చల్లారాక అగేట్ కల్వంలో నూరి, మళ్లీ పల్చగా పరిచి 600 దగ్గర 4 గంటలు. ఇందులో సగం తీసి 900 దగ్గర ఇంకో 4 గంటలు కాల్చండి, ఈ రెండు పొడుల్నీ పోల్చడం తర్వాత చాలా పనికొస్తుంది.

మే నెలలో కరెంటు పోతే కొన్ని ఫర్నేసులు ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి మొదలుపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. మీది ఏం చేస్తుందో ముందే తెలుసుకుని, కరెంటు పోయిన టైమ్ రికార్డులో రాయండి. కోబాల్ట్ ఉన్నదీ లేనిదీ ఒకే బోట్‌లో పెట్టకండి, వేర్వేరు బోట్లలో ఒకే బ్యాచ్‌గా కాల్చండి.

ఆక్సాలిక్ ఆమ్లం దొరక్కపోతే జింక్ ఆక్సైడ్, కోబాల్ట్ ఆక్సైడ్ పొడుల్ని నేరుగా కలిపి నూరి 900 పైన కాల్చొచ్చు. సులువే, కానీ కల్వంలో గంటల తరబడి నూరాలి, కలవని కోబాల్ట్ ఆక్సైడ్ మిగిలిపోయే అవకాశం ఎక్కువ. బాల్ మిల్లులో స్టీల్ బంతులతో మాత్రం వద్దే వద్దు.

అయస్కాంతం కొలవకముందే చూడాల్సినవి

5. రంగు చూడండి. కోబాల్ట్ జింక్ స్థానంలో కూర్చుంటే పొడి ఆకుపచ్చగా వస్తుంది. 18వ శతాబ్దం నుంచి రంగుల వాళ్లకి తెలిసిన పదార్థమే ఇది, రిన్మన్ ఆకుపచ్చ అంటారు. బూడిద రంగో నలుపో కనిపిస్తే కోబాల్ట్ బయట నల్ల ఆక్సైడ్‌గా మిగిలింది. 600 పొడి మురికి ఆకుపచ్చగా ఉండి 900 పొడి శుభ్రమైన ఆకుపచ్చగా వస్తే, ఎక్కువ వేడికి కోబాల్ట్ లోపలికి వెళ్లిందని అర్థం. యూవీ-విజిబుల్ డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ (పొడి ఏ రంగు కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పద్ధతి) సౌకర్యం ఉంటే 565, 610, 655 నానోమీటర్ల ప్రాంతాల్లో మూడు పట్టీలు వెతకండి, నాలుగు ఆక్సిజన్ల మధ్య కూర్చున్న కోబాల్ట్ గుర్తులవి. చౌకైన పరీక్ష, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో పొడిలో ఏ స్ఫటికాలున్నాయో చూసే పరీక్ష) కన్నా దీన్నే నేను ఎక్కువ నమ్ముతా. అయితే కోబాల్ట్ లోపలికి వెళ్లిందని చెబుతుందే గానీ, మొత్తం వెళ్లిందని చెప్పదు.

6. ఎక్స్‌ఆర్‌డీ. కాపర్ కె-ఆల్ఫాతో జింక్ ఆక్సైడ్ పీకులు 31.8, 34.4, 36.3, 47.5, 56.6, 62.9, 68.0 డిగ్రీల టూ తీటా దగ్గర వస్తాయి. "వేరే పీకులు లేవు, కాబట్టి సింగిల్ ఫేజ్" అనే వాక్యం ప్రతి థీసిస్‌లో ఉంటుంది. ఆ వాక్యం రాసేముందు మూడు సంగతులు చూడండి.

కోబాల్ట్ నల్ల ఆక్సైడ్ పెద్ద పీకు 36.9 దగ్గర, ఇంకోటి 31.3 దగ్గర, రెండూ జింక్ ఆక్సైడ్ పీకుల పక్కనే నక్కి ఉంటాయి. వెతకాల్సిన చోటు 59.4, 65.2. లోహ కోబాల్ట్ అయితే 44.2 దగ్గర చూడాలి, దాని ఇంకో రూపం పీకు 47.5 దగ్గరే ఉంటుంది కాబట్టి అది మీకు కనిపించదు. ఈ నాలుగైదు చోట్లా మామూలు స్కాన్ చాలదు, స్టెప్పుకి ఎక్కువ సెకన్లు ఇచ్చి నెమ్మదిగా మళ్లీ తీయించి, వై అక్షాన్ని లాగరిథం స్కేల్‌లో పెట్టి చూడండి.

రెండోది ఇంకా ముఖ్యం. 3 శాతం కోబాల్ట్ మొత్తం లోపలికి వెళ్లకుండా బయటే నల్ల ఆక్సైడ్‌గా మిగిలినా, దాని బరువు మొత్తం పొడిలో దాదాపు 3 శాతమే. మామూలు లాబ్ మెషీను కనిపెట్టగలిగే హద్దు కూడా ఆ చుట్టుపక్కలే. అంటే పీకు కనిపించకపోవడం దేనికీ రుజువు కాదు.

మూడోది పీకు జరగడం. జింక్ అయాన్ వ్యాసార్థం 0.60 ఆంగ్‌స్ట్రామ్, కోబాల్ట్‌ది 0.58, తేడా చాలా చిన్నది. హోల్డర్‌లో పొడి ఎత్తు కాస్త మారితే వచ్చే జరుగుడు దీన్ని మించిపోతుంది. జరిగిందని చెప్పాలనుకుంటే కొంచెం సిలికాన్ పొడి కలిపి, దాని 28.44 డిగ్రీల పీకుతో సరిచేసుకున్నాక చెప్పండి. సిలికాన్ కలిపిన భాగాన్ని వీఎస్ఎంకి పంపకండి.

వీఎస్ఎం

7. మీ కాలేజీలో మెషీను లేకపోతే బయటికి పంపాలి. మద్రాస్ ఐఐటీలోని సాయిఫ్‌లో (బయటివాళ్ల శాంపిల్స్ కూడా కొలిచిపెట్టే పరికరాల కేంద్రం) వీఎస్ఎం ఉంది, మనవాళ్లు కొందరు పొద్దున్నే పినాకిని ఎక్కి వెళ్తుంటారు కూడా. ముందు స్లాటు, ఛార్జీలు కనుక్కోండి. ప్రతి పొడినీ ఇంట్లోనే, అంటే మీ లాబ్‌లోనే, జెలాటిన్ క్యాప్సూల్‌లో నింపి తూకం రాసి పంపండి. అక్కడి టేబుల్ మీద ఎవరి స్పాచులాతో ఎవరి శాంపిల్ తీస్తారో మీకు తెలియదు.

పంపాల్సినవి కనీసం నాలుగు: ఖాళీ క్యాప్సూల్, కోబాల్ట్ లేని పొడి, 600 పొడి, 900 పొడి. డబ్బు సరిపోతే ఐదోది, కావాలనే స్టీల్ స్పాచులాతో పదిసార్లు కలియబెట్టిన కోబాల్ట్ లేని పొడి. దాని లూప్ చూశాక మీ గైడ్‌తో వాదించే పని ఉండదు. క్యాప్సూల్ మూత కదలకుండా టెఫ్లాన్ టేపు చుట్టండి, కాప్టాన్ టేపు, మార్కర్ ఇంకు వద్దు, వాటిలోనూ అయస్కాంత మలినాలు ఉండొచ్చు. పేరు క్యాప్సూల్ మీద కాకుండా సీసా మీద రాయండి.

8. ఏం అడగాలి: ప్లస్ మైనస్ 15,000 ఓయర్‌స్టెడ్ (అయస్కాంత ఫీల్డు యూనిట్) దాకా పూర్తి లూప్, సున్నా దగ్గర స్టెప్పులు చిన్నగా, గ్రాఫ్ బొమ్మ కాకుండా ముడి డేటా ఫైలు. వీలైతే 10 నుంచి 300 కెల్విన్ దాకా ఉష్ణోగ్రత మారుస్తూ ఒక కొలత.

9. డేటా వచ్చాక, ముందు ఖాళీ క్యాప్సూల్ విలువల్ని ఈఎంయూలోనే (మెషీను చూపించే అయస్కాంతత్వం యూనిట్) తీసేయండి, ఆ తర్వాతే గ్రాములతో భాగించండి. ఇప్పుడు ఎక్కువ ఫీల్డు దగ్గర గీత ఎటు వాలిందో చూడండి. కోబాల్ట్ లేని జింక్ ఆక్సైడ్ డయామాగ్నెట్ (ఫీల్డుకి కొద్దిగా ఎదురు తిరిగేది), 10,000 ఓయర్‌స్టెడ్ దగ్గర సుమారు మైనస్ 0.003 ఈఎంయూ/గ్రాము రావాలి. 3 శాతం కోబాల్ట్ అయాన్లు ఎవరికి వాళ్లే విడివిడిగా ఉంటే గది ఉష్ణోగ్రతలో అదే ఫీల్డుకి ప్లస్ 0.02 చుట్టుపక్కల నేరుగా పైకి పోయే గీత రావాలి, పక్కపక్కన కూర్చున్న కోబాల్ట్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే ఇంకా తగ్గుతుంది.

అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పైకి వాలిన గీతని కూడా "బ్యాక్‌గ్రౌండ్" అని తీసేసి, మిగిలిన చిన్న ఎస్ ఆకారాన్ని పెద్దది చేసి వేస్తారు. తీసేసిన ఆ గీతే మీ కోబాల్ట్! పొట్టు తీశామనుకుని గింజ పారేసినట్టు. వాలుని లెక్కగట్టి, గుర్తుతో సహా రిపోర్టులో రాయండి, తీసేయకముందు గ్రాఫ్, తీసేసిన తర్వాత గ్రాఫ్ రెండూ పెట్టండి.

10. మిగిలిన శాచురేషన్ విలువని (ఫీల్డు పెంచినా ఇక పెరగని విలువ) ఒక్కో కోబాల్ట్‌కి ఎన్ని బోర్ మాగ్నెటాన్లో (పరమాణువు అయస్కాంతత్వం యూనిట్) మార్చండి:

బోర్ మాగ్నెటాన్లు = (ఈఎంయూ/గ్రాము × 81.19) ÷ (5585 × 0.03)

ఇందులో 81.19 మీ పొడి మోలార్ బరువు, 5585 యూనిట్లు మార్చే అంకె, 0.03 కోబాల్ట్ భాగం.

ఉదాహరణకి మీకు 0.004 ఈఎంయూ/గ్రాము వచ్చిందనుకోండి. లెక్కేస్తే ఒక్కో కోబాల్ట్‌కి 0.002 బోర్ మాగ్నెటాన్లు. నిజంగా అన్ని కోబాల్ట్‌లూ ఒకే వైపు తిరిగి ఉంటే 3 దగ్గర రావాలి. అంటే వెయ్యిలో ఒక కోబాల్ట్ కూడా పాల్గొనట్లేదు, దీన్ని "కోబాల్ట్ డోపింగ్ వల్ల వచ్చిన ఫెర్రోమాగ్నెటిజం" అని ఎలా రాస్తారు?

11. ఇప్పుడు ఇనుము లెక్క. గ్రాము ఇనుముకి శాచురేషన్ 218 ఈఎంయూ, కాబట్టి ఒక్క మైక్రోగ్రాము ఇనుము 0.0002 ఈఎంయూ ఇస్తుంది. మీరు 50 మిల్లీగ్రాముల పొడి పెట్టి 0.004 ఈఎంయూ/గ్రాము చూశారంటే మెషీను నిజంగా కొలిచింది కూడా సరిగ్గా 0.0002 ఈఎంయూనే. మొత్తం సిగ్నల్‌కి కంటికి కనిపించని ఒక్క మైక్రోగ్రాము చాలు. లేబుల్ సంగతి కూడా చూద్దాం. జింక్ అసిటేట్ సీసా మీద ఇనుము 0.001 శాతం వరకు అని ఉంటే, 13 గ్రాముల్లో 130 మైక్రోగ్రాములు ఉండొచ్చు, అది మీ 5 గ్రాముల పొడిలోకి వచ్చి పడుతుంది. అదంతా మాగ్నటైట్‌గా (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) మారిందనుకుంటే 0.003 ఈఎంయూ/గ్రాము దాటుతుంది. నిజానికి అంతా అలా మారదు, చాలావరకు విడి అయాన్లుగా ఉండిపోతుంది, కానీ మీ సిగ్నల్ ఆ హద్దు కింద ఉన్నంతకాలం దాని గురించి గట్టిగా మాట్లాడలేరు.

ఏం వస్తే ఏం అనుకోవాలి

కోబాల్ట్ లేని పొడిలోనూ అంతే లూప్ వస్తే, మలినం. ఆక్సిజన్ ఖాళీల వల్ల అని రాయాలని మనసు లాగుతుంది, ముందు ఇనుము కొలిపించి అప్పుడు ఆలోచించండి.

శాచురేషన్ విలువ 10 కెల్విన్ దగ్గర, 300 దగ్గర ఇంచుమించు ఒకేలా ఉంటే, లోహ రేణువుల్నో మాగ్నటైట్‌నో అనుమానించాలి, వాటి క్యూరీ ఉష్ణోగ్రతలు (ఫెర్రోమాగ్నెటిజం పోయే వేడి) చాలా పైన ఉంటాయి. ఇనుముది 770 డిగ్రీల సెల్సియస్, మాగ్నటైట్‌ది 585 ప్రాంతం.

600 పొడిలో ఉన్న లూప్ 900 పొడిలో పోయి, ఆకుపచ్చ రంగు మాత్రం ఇంకా బాగా వస్తే, కోబాల్ట్ లోపలికి వెళ్లేకొద్దీ అయస్కాంతత్వం తగ్గిందన్నమాట. లూప్‌కి కారణం లోపల కూర్చున్న కోబాల్ట్ కాదు.

లూప్ మొత్తం ఒక పక్కకి జరిగి ఉంటే ఎక్స్‌చేంజ్ బయాస్ (రెండు అయస్కాంత పదార్థాలు ఆనుకుని ఉంటే లూప్ జరగడం) అని ఎగిరి గంతేయకండి. మాగ్నెట్‌లో మిగిలిపోయిన ఫీల్డు వల్ల మెషీను చూపించే సున్నా అసలు సున్నా కాకపోవచ్చు. ఖాళీ క్యాప్సూల్‌నీ, తెలిసిన నికెల్ శాంపిల్‌నీ అదే స్కాన్‌తో తీయించి చూడండి. కోయర్సివిటీని (అయస్కాంతత్వాన్ని సున్నాకి తేవడానికి కావాల్సిన ఎదురు ఫీల్డు) రెండు వైపుల విలువల తేడాలో సగంగా తీసుకోండి, ఒక వైపే చదివి రాయకండి.

అన్నీ దాటి, కోబాల్ట్ ఉన్న పొడిలోనే లూప్ ఉండి, లేనిదాంట్లో లేకుండా, రెండో బ్యాచ్‌లోనూ అంతే వస్తే, అప్పుడు కూడా లోహ కోబాల్ట్ అనుమానం మిగిలే ఉంటుంది. ఆ పొడిని పల్చగా పరిచి ఆక్సిజన్ ధారలో మళ్లీ 600 దగ్గర కాల్చి కొలవండి. సిగ్నల్ పడిపోతే లోహమో, ఆక్సిజన్ ఖాళీలో, ఏదైనా కావొచ్చు, టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చేయించి రేణువుల కోసం వెతకాలి.

నేరుగా గీతే వచ్చి లూప్ రాలేదా? చాలా మంచి రిజల్ట్, టెన్షన్ పడకండి. శుభ్రంగా చేసిన కోబాల్ట్ జింక్ ఆక్సైడ్ పొడి పారామాగ్నెట్‌గా (ఫీల్డు ఉన్నంతసేపే అయస్కాంతత్వం చూపేది) ఉందని చెప్పిన పేపర్లు చాలానే ఉన్నాయి. ఒకటి రెండు శాతాల తేడాతో మూడు నాలుగు పొడులు చేసి, వాలు కోబాల్ట్ శాతంతోపాటు ఎలా పెరుగుతుందో వేస్తే ప్రాజెక్టుకి అదే సరిపోతుంది.

వేరే లోహాలతో చేసేవాళ్లకి

మాంగనీసు అయితే విలువ 3కి బదులు 5 బోర్ మాగ్నెటాన్లు, మాంగనీసు ఆక్సైడ్ (Mn₃O₄) 43 కెల్విన్ దగ్గర ఫెర్రీమాగ్నెట్ (ఫెర్రోమాగ్నెట్‌లాగే లూప్ ఇచ్చేది) అవుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత కొలతలో అక్కడ మెట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. నికెల్ జింక్ ఆక్సైడ్‌లో తక్కువే కరుగుతుంది, నికెల్ ఆక్సైడ్ పీకు 43.3 దగ్గర చూడండి, 62.9 దగ్గరది జింక్ ఆక్సైడ్ పీకు కింద కలిసిపోతుంది. ఇనుముతో మొదటి ప్రాజెక్టు పెట్టుకోకండి, మీరు కావాలని వేసిన ఇనుముకీ పొరపాటున పడ్డ ఇనుముకీ తేడా చెప్పే దారే ఉండదు, పైగా జింక్ ఫెర్రైట్ నానో రేణువులు గది ఉష్ణోగ్రతలోనే సిగ్నల్ ఇవ్వగలవు. టిన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వాడేవాళ్లకి పీకుల నంబర్లు మారతాయి గానీ, ఖాళీ క్యాప్సూల్, లోహం కలపని పొడి, ప్లాస్టిక్ స్పాచులా, ఈ మూడూ మారవు.